మొదటి వారం మాత్రం ఏఐ ముట్టుకోనివ్వకు, అమ్మడూ

అమ్మడూ,

ముందు పిల్లల్ని తెలుసుకుని, పాఠం తయారుచేసి, ట్రై చేసి మార్చుకునే పద్ధతి ఉందే డిజైన్ థింకింగ్, దాని మీద ట్రైనీ టీచర్లకి నువ్వు ఆరు వారాల కోర్సు పెడుతున్నావని, లెసన్లు చాట్‌జీపీటీ లాంటివాటితో చేయిస్తావని మీ అమ్మ చెప్పింది. ఎంత పొంగిపోయానో అంత భయమూ వేసింది. ఫోన్‌లో చెబితే "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు, అందుకే కూర్చుని రాస్తున్నా.

నీకు తెలిసినవి గబగబా చెప్పేస్తా. పిల్లల పేర్లు, మార్కులు, ఫోటోలు అందులో పెట్టనివ్వకు. అది చెప్పిన సంవత్సరాలు, పుస్తకాల పేర్లు చెక్ చేయకుండా బోర్డు ఎక్కనివ్వకు, తెలియకపోయినా తడుముకోకుండా చెప్పేస్తుంది అది. చిన్నపిల్లల చేతికి నేరుగా ఇవ్వొద్దు, యునెస్కో 2023 గైడెన్స్‌లో కూడా క్లాసులో వాడాలంటే కనీసం 13 ఏళ్లుండాలనే ఉంది. ఇక ఎవరు ఏఐతో రాశారో పట్టుకునే సాఫ్ట్‌వేర్ల జోలికి పోకు. ఓపెన్‌ఏఐ వాళ్లే తమ డిటెక్టర్ సరిగ్గా పట్టుకోలేకపోతోందని 2023 జులైలో తీసేశారు, మనమెంత.

ఇప్పుడు అసలు సంగతి. నీ ప్లాన్ మీ అమ్మ ఫార్వర్డ్ చేసింది. పిల్లల్ని తెలుసుకునే ఎంపతీ, సమస్య తేల్చే డిఫైన్, ఆలోచనలు పుట్టించే ఐడియేట్, నమూనా చేసే ప్రోటోటైప్, ట్రై చేసి చూసే టెస్ట్, ఐదు మెట్లూ బానే పేర్చావు. కానీ మొదటి మెట్టు కింద "ఏఐతో స్టూడెంట్ పర్సోనాలు తయారు చేయించడం" అని ఉంది చూడు, అంటే లేని పిల్లల్ని ఊహించి రాయించడం, అది చదవగానే గుండె గుభేలుమంది. పిల్లల్ని తెలుసుకోడానికి పిల్లల దగ్గరికి వెళ్లక్కర్లేదా? ఏం చదువు చదివావే నువ్వు!

కోప్పడుతున్నా అనుకోకు, నేను చేసింది ఇంతకన్నా ఘోరం. కొత్తగా ట్రైనింగ్ కాలేజీలో చేరిన రోజుల్లో నా లెసన్ ప్లాన్లంటే నాకు మహా గర్వం. ట్రైనీలకి కష్టం ఎందుకని ప్రతి టాపిక్‌కీ మోడల్ ప్లాన్ నేనే రాసిచ్చేదాన్ని, టీచర్ ఏం అడగాలి, పిల్లలు ఏం చెబుతారు అన్నీ అందులోనే. వాళ్లు రెండు రంగుల పెన్నులతో ముచ్చటగా కాపీ చేసేవాళ్లు, నేను మార్కులు వేసేసేదాన్ని.

ప్రాక్టీస్ టీచింగ్‌లో ఒకరోజు వెనక బెంచీలో కూర్చున్నా. ఒక ట్రైనీ భిన్నాలు చెబుతోంది. 1/2కి 1/3 కలిపితే ఎంత అని అడిగితే, ఒక పిల్లాడు లేచి 2/5 అన్నాడు. ఆ అమ్మాయి చేతిలో ప్లాన్ వంక చూసింది. అందులో "పిల్లలు: 5/6" అని నేను రాసింది ఉంది. బోర్డు మీద 5/6 రాసి ముందుకెళ్లిపోయింది. వాడు "అది కాదు టీచర్, రెండు ఆటలాడి ఒకటి గెలిచా, తర్వాత మూడాడి ఒకటి గెలిచా, మొత్తం ఐదులో రెండే కదా" అంటూనే ఉన్నాడు, కూర్చోమంది. కూర్చున్నాడు, ఇక పీరియడ్ అయ్యేదాకా చెయ్యెత్తలేదు.

నేనేం చేశానో తెలుసా? క్లాస్ కంట్రోల్ బాలేదని బయట ఆ అమ్మాయినే చీవాట్లేశా. తల దించుకుని "ప్లాన్ మీరిచ్చిందే కదా మేడమ్" అంది. అంతే. ఆ రాత్రి దాకా నాకు తట్టలేదు, వాడి లెక్క వాడి ఆటల వరకూ కరెక్టేనని, ఒకే వస్తువుని ముక్కలు చేసి కలపడం వేరు, ఆటలు కూడటం వేరు అన్న తేడా దగ్గరే అసలు పాఠం ఉందని. వాణ్ణి ఇంకో రెండు నిమిషాలు మాట్లాడనిచ్చి ఉంటే క్లాసు మొత్తానికి అర్థమయ్యేది. టీచర్ల చదువు మీద పరిశోధన చేసిన అమెరికా ప్రొఫెసర్ లీ షుల్మన్ 1986లో చెప్పింది ఇదే కదా, సబ్జెక్టు తెలిస్తే చాలదు, అది పిల్లలకి ఎక్కడ ఎలా తిరగబడుతుందో కూడా తెలియాలని. పరీక్షకి బట్టీ పట్టి రాశానే గానీ వెనక బెంచీలో కూర్చుంటే గుర్తు రాలేదు.

నేను నెలల తరబడి చేసిన పాడుపని ఇప్పుడు పది సెకన్లలో అయిపోతోంది, నాకంటే అందంగా కూడా. మొన్న నేనూ ట్రై చేశాలే, భిన్నాలు రాని పదేళ్ల పిల్లాడిలా మాట్లాడమని అడిగా. ఒక్కసారి చెప్పగానే "ఓ, ఇప్పుడర్థమైంది టీచర్!" అంది. ఏ పిల్లాడంటాడే అలా?

అందుకని మొదటి వారం ఏఐ కట్టేయ్. ఒక్కో ట్రైనీ ఇద్దరు పిల్లల పక్కన కూర్చుని, తప్పు చేసిన లెక్క చూపించి "ఎలా చేశావో చెప్పు" అని అడిగి నోరు మూసుకోవాలి, వాళ్ల మాటలు ఉన్నవున్నట్టు రాసుకోవాలి. తర్వాత వాడుకోనీ ఎంతైనా. ఆ మాటలు ఇచ్చి పది ఐడియాలు అడిగి తొమ్మిది పారేయనీ, వర్క్‌షీట్లు చేయించుకోనీ, ఐదుగురు పిల్లలతో పది నిమిషాలు ట్రై చేసి మళ్లీ మార్చనీ. 1960ల్లో స్టాన్‌ఫర్డ్‌లో పుట్టిన మైక్రోటీచింగూ ఇంతేగా, కొంచెం చెప్పు, చూసుకో, మళ్లీ చెప్పు. మార్కులు మాత్రం ఫైనల్ ప్లాన్‌కి వేయకు. ఏఐ ఇచ్చినదాంట్లో ఏం తీసేశారు, ఏ పిల్లాడి మాట వల్ల తీసేశారు, దానికి వెయ్యి.

చిన్నప్పుడు గోడకి పాఠాలు చెప్పేదానివి గుర్తుందా, గోడ వినట్లేదని ఏడ్చి నన్ను లాక్కొచ్చి కూర్చోబెట్టేదానివి. నేను కావాలని తప్పు చెబితే ఎందుకలా అన్నావని వదిలేదానివి కాదు.

మొదటి వారం నోట్సు ఫోటో తీసి పంపు, టైప్ చేయించకు, కొట్టివేతలతో సహా చూడాలి. ఆఖరి వారం డెమోకి నేనొస్తా. వెనక బెంచీలో కూర్చుంటా, నేనెవరో వాళ్లకి చెప్పకు.

మీ పెద్దమ్మ