చింతపిక్కలతో పన్నెండు నెలల సంసారం

మీరు అడిగింది ఇది: అనంతపురంలో మీ వీధి పిల్లలు పదహారు మంది, పదకొండు నుంచి పద్నాలుగేళ్ల వాళ్లు. సెలవులు, ఎదురుగా ఖాళీ మైదానం. పొదుపు, అప్పు, వడ్డీ అని కూర్చోబెట్టి చెబితే ఆవలిస్తున్నారు. ఆడిస్తూ నేర్పే దారి ఉందా?

ఉంది. అయితే చాలామంది పరుగుపందెం పెట్టి, గెలిచినవాడి చేతిలో ఉత్తుత్తి నోట్లు పెడతారు. అది పందెమే గానీ డబ్బు పాఠం కాదు. కాళ్లు చురుకైనవాడు షావుకారు, మిగతావాళ్లు ప్రేక్షకులు. నాలుగు జట్లూ ఒకే తీరుగా కష్టపడినా ఒక నెల మిగలాలి, ఇంకో నెల అప్పుకి పోవాలి. మన జిల్లాలో చెనిక్కాయ వేసే ఇంట్లో జరిగేది అదే కదా. కింద రాసిన ఆట దాని కోసమే.

ముందు డబ్బు సంగతి. కాగితం నోట్లు వద్దు, గాలికి పోతాయి, చెమటకి చిరుగుతాయి. చింతపిక్కలు వాడండి. కానీ మైదానం పక్కన చింతచెట్టు ఉంటే రెండో నెలకే ఎవడో ఒకడు గుప్పెడు ఏరుకొచ్చి జేబులో వేసుకుంటాడు. అందుకే అష్టాచెమ్మాకి చేసినట్టు ఒక వైపు గరుకు బండ మీద తెల్లపప్పు కనిపించేదాకా అరగదీయాలి. అరగదీసిన పిక్కే చెల్లుతుంది. మనిషికి ఇరవై చొప్పున పదహారు మందికి 320 పిక్కలు, అరగంట పని. దొంగనోటు కావాలంటే వాడూ కూర్చుని అరగదీయాల్సిందే, ఆ ఓపిక ఎవడికీ ఉండదు. (రుద్దేటప్పుడు పిక్క వేడెక్కుతుంది. గచ్చకాయంత కాకపోయినా పక్కవాడి మోచేతికి తగిలిస్తే చురుక్కుమంటుంది. ఒకటి రెండు కేకలు వినిపిస్తాయి, కంగారు పడకండి.)

ఒక పిక్క వంద రూపాయలు అనుకోండి. నలుగురేసి నాలుగు కుటుంబాలు. ఒక్కో కుటుంబానికి మొదట 10 పిక్కలు, ఒక స్టీలు గ్లాసు, ఒక నోటుబుక్కు. వడ్డీ అంగడికి 60, మిగిలిన 220 సంతలో కూర్చునే పెద్దవాళ్ల దగ్గర. కుటుంబాలు పిక్కలు జేబులో పెట్టుకోకూడదు, గ్లాసులోనే ఉండాలి. జేబు చిరిగి పోయిన పిక్కల మీద వచ్చే తగాదా అంతా ఇంతా కాదు.

మైదానంలో ఒక కొస పొలం, ఇంకో కొస సంత, మధ్య దూరం 30 మీటర్లు. మీటరు టేపు లేకపోతే పెద్దవాళ్ల అడుగులు నలభై. కుటుంబానికో దారి సున్నంతో గీయండి, దారికీ దారికీ మధ్య రెండు మీటర్లు తగ్గకూడదు. ఎందుకో కావడి దగ్గరకి వచ్చినప్పుడు తెలుస్తుంది. మూటలకి పాత గుడ్డసంచుల్లో కిలో ఇసుక పోసి మూతి కుట్టేయండి. ముడి వేస్తే నాలుగో విడతకే ఊడి ఇసుక దారి పొడుగునా పడుతుంది.

ఒక నెల అంటే అయిదు నిమిషాలు: రెండు నిమిషాలు మోత, మూడు నిమిషాలు లెక్క. జూన్‌తో మొదలుపెట్టి మే దాకా పన్నెండు నెలలు, మొత్తం గంట. మోతలో ఒక్కరే మూట తీసుకుని సంతకి పరుగెత్తి, దించి, తిరిగొచ్చి తర్వాతవాడి చేయి తట్టాలి. నలుగురూ ఒక్కసారి మోయనిదే ఎవరూ రెండోసారి మోయకూడదు. ఈ నియమం లేకపోతే గట్టివాడే అన్నీ మోస్తాడు, మిగతా ముగ్గురు నీడలో కూర్చుంటారు. ఇలా ఆడితే కుటుంబానికి నెలకి అటూ ఇటూగా అయిదు మూటలు చేరతాయి.

ధర మాత్రం మోత అయిపోయాకే తేలాలి. నాలుగు పిక్కలు గిరవాటేసి తెల్లవి ఎన్ని పడ్డాయో చూసి, దానికి ఒకటి కలపండి. ఒక్క తెల్లదీ పడకపోతే మూటకి ఒక పిక్క, నాలుగూ తెల్లవైతే మూటకి అయిదు. రెండు వైపులూ సమానంగా పడే పిక్కలైతే సగటున మూటకి మూడు. పదహారింటికి అయిదు సార్లు ధర ఒకటికో రెండుకో పడిపోతుంది, అంటే ఇంచుమించు మూడు నెలలకో దెబ్బ. పిక్క ఒక వైపు గుండ్రం, ఒక వైపు చదును కాబట్టి నిజంగా సమానంగా పడదు. ఆటకి ముందు పిల్లల చేతే యాభై సార్లు వేయించి పలకమీద గీతలు పెట్టించండి. తెల్లవి మరీ ఎక్కువ పడుతుంటే అరగదీసింది ఎక్కువైందని అర్థం, ఆ నాలుగూ మార్చండి.

నెలనెలా ఖర్చు 12 పిక్కలు: బియ్యం సరుకులకి 6, ఇంటి బాడుగ 3, కరెంటు ఫోను 2, బయటి తిండి 1. జూన్‌లో పుస్తకాలు, యూనిఫారాలకి ఇంకో 5. ఆగస్టు, నవంబరు, ఫిబ్రవరి, మే నెలల్లో ఒక్కో కుటుంబం డబ్బాలోంచి ఒక చీటీ తీయాలి: జ్వరం 8, బోరు మోటారు కాలింది 10, దగ్గరి బంధువుల పెళ్లి చదివింపు 5, బండి పంక్చరు 1, ఇలా. ఇప్పుడు లెక్క చూడండి. అయిదు మూటలు, మూడు పిక్కల ధర, రాబడి 15, ఖర్చు పోను మిగులు 3. మూడు నెలలు పోగేసినా 9. మోటారు కాలితే అదీ చాలదు. ఈ ఇరుకు కావాలనే పెట్టింది. ఖర్చు 8కి తగ్గిస్తే అందరూ సుఖంగా ఉంటారు, ఎవరూ ఏమీ నేర్చుకోరు.

అప్పు వడ్డీ అంగడిలో పుడుతుంది. పదికి నెలకి ఒక పిక్క వడ్డీ, పది లోపు ముక్క ఎంత మిగిలినా ఇంకో పిక్క. వడ్డీ కట్టకపోతే అసలులో కలుస్తుంది. పది తీసుకుని ఏమీ కట్టకుండా కూర్చున్న కుటుంబం బాకీ నెలనెలా పలకమీద రాయించండి: 10, 11, 13, 15, 17, 19, 21. ఆరు నెలల్లో రెట్టింపు దాటింది. ఆ ఏడు అంకెలు చేసే పని ఎంత ఉపన్యాసమూ చేయదు. ఆట అయ్యాక బయటి వడ్డీకి రండి. పిక్క విరగదు కాబట్టి ఆటలో పదికి ఒకటి పెట్టాం, మన పక్క వాడుకలో ఉండేది నూటికి రెండు, నూటికి మూడు. పిల్లలు దాన్ని రెండు శాతం, మూడు శాతం అనుకుంటారు, పెద్దలు కొందరూ అలాగే అనుకుంటారు. అది నెలకి. పదివేలకి నూటికి రెండు అంటే ఏడాదికి 2,400, అంటే 24 శాతం. నూటికి మూడు అయితే 3,600. బ్యాంకువాళ్లు చెప్పే శాతం ఏడాదికి, షావుకారు చెప్పేది నెలకి. ఈ తేడా ఒక్కటి పట్టుబడితే సగం పని అయినట్టే.

ఇక కావడి. నాలుగో నెల నుంచి 10 పిక్కలు పెట్టి ఎవరైనా కావడి కొనుక్కోవచ్చు. నాలుగడుగుల వెదురు బద్ద, రెండు కొసలా తాళ్లు, ఒకేసారి రెండు మూటలు. కావడితో పరుగెత్తకూడదు, వడిగా నడవాలి, లేదంటే కొస పక్కవాడి మొహానికి తగులుతుంది. అందుకే దారుల మధ్య ఆ రెండు మీటర్లు. నడకతో నాలుగు విడతలే పడతాయి, కానీ ఎనిమిది మూటలు చేరతాయి, అంటే అదనంగా మూడు. సగటు ధరకి నెలకి 9 పిక్కలు ఎక్కువ. అప్పు చేసి కొన్నా నెలకి వడ్డీ ఒకటే, రెండు నెలల్లో తీరిపోతుంది. అదే పది పిక్కలు బియ్యం, బాడుగల కోసం తెచ్చిన కుటుంబం బాకీ మాత్రం కదలదు. రెండు కుటుంబాల నోటుబుక్కులూ పక్కపక్కన పెట్టి చూపించండి. ధర ఒకటికి పడిన నెలల్లో కావడి అదనంగా తెచ్చేది మూడు పిక్కలే, అదీ దాచకండి. కావడి కొంటే కష్టాలు తీరినట్టే అని పిల్లలు అనుకోకూడదు.

లెక్కకి నోటుబుక్కులో నాలుగు గడులు: వచ్చింది, పోయింది, బాకీ, గ్లాసులో ఉంది. రాసినదీ గ్లాసూ సరిపోలితేనే తర్వాత నెల మొదలు. మొదటి రెండు నెలలు అయిదు నిమిషాలు పది అవుతాయి, ఓర్చుకోండి. లెక్క రాసేవాళ్లని నెలనెలా మార్చాలి. లేకపోతే ప్రతి జట్టులో ఒక ఆడపిల్ల కలం పట్టుకుని కూర్చుంటుంది, మగపిల్లలు మూటల దగ్గరే ఉండిపోతారు.

ఆట చెడేది ఎక్కువగా అంగడి దగ్గరే. పెద్దవాళ్లు కూర్చుంటే పిల్లలు ‘అన్నా, ఈ ఒక్క నెలా’ అని బతిమాలతారు, పెద్దవాళ్లు కరిగిపోతారు, ఆట అక్కడితో సరి. తెలివైన పిల్లాడిని ఒకణ్ణే కూర్చోబెడితే సంక్రాంతి నెలకి పిక్కలన్నీ వాడి దగ్గరే తేలతాయి, మిగతావాళ్లు అలుగుతారు. మూడు నెలలకోసారి ఒక్కో కుటుంబం నుంచి ఒకరిని అంగడికి పంపండి. ఆ మూడు నెలలు వాళ్ల జట్టులో ముగ్గురే మోస్తారు. అప్పు ఇవ్వను అనే హక్కు అంగడివాడికి ఉండాలి.

బాకీ 20 దాటిన కుటుంబానికి అప్పు పుట్టదు. అక్కడితో ‘మేం ఔట్’ అని చెట్టు కింద కూర్చోనివ్వకండి. వాళ్లు ఇంకో కుటుంబం దారిలో కూలికి మోయవచ్చు, ధర ఎంతైనా మూటకి రెండు పిక్కలు ఖాయం. వాళ్ల వడ్డీ ఆగుతుంది, అసలు నిలిచి ఉంటుంది. ఖర్చు కూడా 9కి దించుకోవచ్చు, కానీ ఏది మానుకోవాలో వాళ్లే తేల్చుకోవాలి. బయటి తిండి వెంటనే వదిలేస్తారు. ఫోను దగ్గర మాత్రం అసలు పంచాయతీ మొదలవుతుంది. మధ్యలో దూరకండి.

రెండో రోజు చీటీ పాట పెట్టండి. నాలుగు కుటుంబాలు, నాలుగు నెలలు, నెలకి 5 పిక్కలు, చీటీ మొత్తం 20. అవసరం ఉన్నవాళ్లు తోసి పాడతారు. 16కి పాడితే మిగిలిన 4 నలుగురికీ ఒక్కొక్కటి. నిర్వాహకుడి కమీషన్ ఆటలో వదిలేయండి, నోటితో చెబితే చాలు: 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టంలో అది 5 శాతం దాకా ఉండేది, 2019 సవరణతో 7 శాతం దాకా అయింది. మూడో నెలలో చీటీ నడిపే పిల్లవాడు గ్లాసు ఎత్తుకుని పారిపోవాలి. ‘ఐపీ పెట్టాడు’ అనే మాట ఇళ్లల్లో విన్నదే కాబట్టి విడమరిచి చెప్పే పని లేదు. కానీ ఆ పిల్లవాడితో ముందే రహస్యంగా మాట్లాడుకోండి, అయిదు నిమిషాల్లో అసలు సంగతి బయటపెట్టండి. ఆలస్యమైతే నిజంగానే కొడతారు. తర్వాత రిజిస్టరైన చీటీకీ, వీధి చీటీకీ తేడా మాట్లాడితే చెవులు అప్పగించి వింటారు.

ఫోన్‌పే, గూగుల్‌పే మోసాలకి చిన్న ఆట చాలు. అందరూ ఖోఖోలా వరసగా కూర్చుని మనసులో ఒక రెండంకెల పిన్ అనుకోవాలి. ఇద్దరు చుట్టూ తిరుగుతూ రకరకాల వంకలతో అది రాబట్టాలి: ‘నీకు డబ్బు వచ్చింది, తీసుకోవాలంటే పిన్ కొట్టు’. నోరు జారినవాడు లేచి దొంగల్లో కలుస్తాడు. డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదని, పంపడానికే కావాలని మూడో విడతకి అందరికీ తెలిసిపోతుంది. మోసం జరిగితే ఫోన్ చేయాల్సిన నంబరు 1930 అప్పుడే నోటికి పట్టించండి.

వీలైతే ఆట అయిన మర్నాడు పొద్దున్నే కక్కలపల్లి టమాటా మండీకి తీసుకెళ్లండి. బాక్సు ఎంతకి పాడారు, కమీషన్, హమాలీ, బండి బాడుగ పోను రైతు చేతికి ఎంత వచ్చింది, ఈ రెండు అంకెలే రాసుకు రమ్మనండి. ధర పిక్కల్లా పడుతుందంటే నమ్మని పిల్లలకి 2023 గుర్తుచేయండి. జూలైలో కిలో వంద దాటిన టమాటా, సెప్టెంబరుకి పత్తికొండలో పది రూపాయల లోపుకి దిగింది.

పదేళ్లు దాటిన పిల్లలు సొంతంగా సేవింగ్స్ ఖాతా నడుపుకోనివ్వవచ్చని రిజర్వ్ బ్యాంకు 2014లోనే చెప్పింది. అయితే ఎంత మొత్తం దాకా, ఏటీఎం కార్డు ఇస్తారా లేదా అన్నది ఒక్కో బ్యాంకు ఒక్కోలా పెట్టుకుంటుంది. అడిగి వెళ్లండి.

ఎండ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. పొద్దున ఆరున్నరకి మొదలుపెట్టి ఎనిమిదికల్లా ముగించండి, లేదా సాయంత్రం అయిదు దాటాక. ముందురోజు మైదానంలో పల్లేరుకాయలు ఊడ్పించండి, లేకపోతే ఉత్తకాళ్ల పిల్లలు మొదటి నెలలోనే కుంటుతారు. ఆట అయ్యాక పిక్కలు లెక్కపెట్టి ఒక పూట ఎండలో పోసి, వేపాకు వేసి డబ్బాలో పెట్టండి. అరగదీసిన పిక్కకి పురుగు తొందరగా పడుతుంది, తేమతో మూత పెడితే వచ్చే సెలవులకి సగం డొల్లవుతాయి.