ముప్పై సింథ్‌ల కట్ట కొనాలా, ఒక్కటి చాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. పాలకొల్లు దగ్గర ఉంటారు. పెళ్లిళ్లకూ తీర్థాలకూ ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తారు. ఇప్పుడు ఇంట్లోనే సొంతంగా పాటలు రికార్డు చేయాలని ఉంది. ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్, నాలుగు ఆక్టేవుల (స్థాయిల) మిడీ కీబోర్డు (నొక్కిన మీటల సమాచారాన్ని కంప్యూటర్‌కు పంపేది) ఉన్నాయి, పదిహేను వేల రూపాయలు పక్కన పెట్టారు. పాత సింథసైజర్లను (విద్యుత్తుతో శబ్దాలు పుట్టించే వాయిద్యాలు, క్లుప్తంగా సింథ్‌లు) అనుకరించే సాఫ్ట్‌వేర్లు ముప్పై కలిపి తగ్గింపు ధరకు ఇస్తున్నారు, ఆ కట్ట తీసుకోవాలా, విడిగా ఒకటో రెండో కొనుక్కోవాలా అని అడిగారు.

విడిగా ఒకటే కొనండి. అది కూడా ఉచితంగా దొరికే రెండు మూడింటితో కొంతకాలం గట్టిగా పనిచేశాక. నేను అమలాపురంలో చిన్న రికార్డింగ్ గది నడుపుతాను. క్రిస్మస్ పాటలు, అయ్యప్ప భజనలు, అమ్మవారి జాతర పాటలు, ఎన్నికల ముందు ప్రచార గీతాలు, నాకు వచ్చే పని ఎక్కువగా ఇదే. ఆ ట్రాకుల్లో వినిపించే సింథ్ శబ్దాలన్నీ మూడు నాలుగు సాఫ్ట్‌వేర్ల నుంచి వచ్చినవే. వాటిలో రెండింటికి పైసా ఖర్చు లేదు.

కట్ట వద్దని ఎందుకంటున్నానో చెబుతాను. ఆ పాత యంత్రాల్లో ప్రతిదానికీ ఒక ప్రత్యేకమైన ఆలోచన ఉంది. 1970లో వచ్చిన మినీమోగ్‌ది మూడు ఆసిలేటర్లను (శబ్ద తరంగాన్ని పుట్టించే భాగాలు) కలిపి ఒక దిట్టమైన ఫిల్టర్‌లోంచి (శబ్దంలో కొంత వడకట్టే భాగం) పంపే పద్ధతి. ఒకసారికి ఒకే స్వరం పలుకుతుంది. 1978 నాటి ప్రొఫెట్-5 ఐదు స్వరాలు ఒకేసారి పలికించడమే కాక, తయారుచేసుకున్న టోన్‌ను మెమరీలో దాచుకునే వీలు కల్పించింది. 1982 నాటి జూనో-60కి స్వరానికి ఒకే ఆసిలేటర్, కానీ ఆ లోటు తెలియనివ్వని కోరస్ (ఒకే శబ్దాన్ని కొన్ని కలిసి పలికినట్టు వెడల్పు చేసే ఎఫెక్టు) దానికి ఉంది. 1983లో యమహా తెచ్చిన డీఎక్స్7 అయితే ఫిల్టర్ అన్నదే లేకుండా, స్టాన్‌ఫర్డ్‌లో జాన్ చౌనింగ్ కనిపెట్టిన ఎఫ్ఎం పద్ధతితో (ఒక తరంగం మరో తరంగపు కంపన వేగాన్ని కదిలించే పద్ధతి) నడుస్తుంది. ఒక్కో ఆలోచన చేతికి ఒదగడానికే సమయం పడుతుంది. ముప్పై ఒకేసారి వస్తే వేల ప్రీసెట్లు (ముందే తయారుచేసి పెట్టిన టోన్లు) కూడా వస్తాయి. రాత్రి పాట మొదలుపెడదామని కూర్చుంటే, ప్రీసెట్లు ఒకదాని తరవాత ఒకటి వింటుండగానే తెల్లారిపోతుంది. నా దగ్గరకు వచ్చే కుర్రవాళ్లలో ఇది తరచూ చూస్తున్నాను. చక్కగా వాయించే చేతులు, బోలెడన్ని టోన్లు, పూర్తయిన పాట మాత్రం ఒక్కటీ ఉండదు. నాకు నిజంగా బాధ కలిగించే విషయం ఇది.

మొదట డెక్స్‌డ్ దించుకోండి. డీఎక్స్7ను అనుకరించే ఉచిత సాఫ్ట్‌వేర్ అది. అసలు యంత్రం కోసం ఆ రోజుల్లో తయారైన టోన్లు ఫైళ్లుగా దొరుకుతాయి, ఒక్కో ఫైలులో 32 టోన్లు. డెక్స్‌డ్ వాటిని నేరుగా చదువుతుంది. 1980ల సినిమా పాటల్లో మీరు విన్న ఆ గాజులాంటి ఎలక్ట్రిక్ పియానో చాలావరకు ఈ జాతిదే. ఆ పియానో టోన్ తెరిచి ఒక పని చేయండి. తెరమీద ఆరు ఆపరేటర్లు (ఒక్కోటీ ఒక తరంగాన్ని పుట్టించే విభాగం) కనిపిస్తాయి, ప్రతిదానికీ ఒక స్విచ్ ఉంటుంది. మూడు నుంచి ఆరు వరకు ఆపేసి, ఒకటీ రెండూ మాత్రమే ఉంచి ఒక మీట నొక్కండి. పియానో మాయమై, లోహం మీద చిన్న సుత్తితో కొట్టినట్టు ‘టింగ్’ అనే శబ్దం ఒక్కటే మిగులుతుంది. రెండో ఆపరేటర్ ఒకటోదానికంటే 14 రెట్ల వేగంతో కంపిస్తూ దాన్ని కదిలిస్తోంది, అందుకే ఆ లోహపు మెరుపు. ఇప్పుడు ఆ 14ను 7 చేసి వినండి, 3 చేసి వినండి. తరవాత రెండో ఆపరేటర్ స్థాయిని తగ్గిస్తూ పోండి, శబ్దం గుండ్రంగా, మెత్తగా మారుతుంది. ఇక మీటను నెమ్మదిగా ఒకసారి, గట్టిగా ఒకసారి నొక్కి చూడండి. గట్టిగా నొక్కినప్పుడు శబ్దం పెద్దదవడమే కాదు, దాని రంగే మారుతుంది. ఎఫ్ఎం గుట్టంతా ఆ మార్పులోనే ఉంది. ఈ కాస్త తెలిస్తే దొరికిన ప్రతి టోన్‌నూ మీ పాటకు తగ్గట్టు సరిచేసుకోగలరు. డెక్స్‌డ్ సెట్టింగుల్లో ‘మార్క్ వన్’ అనే ఇంజిన్ కూడా ఉంటుంది, పాత యంత్రపు గరుకుదనం కావాలంటే అది పెట్టుకోండి.

రెండోది టాల్ నాయిస్‌మేకర్. ఇదీ ఉచితమే. ఫలానా యంత్రానికి నకలు కాదు గానీ ఆసిలేటర్, ఫిల్టర్, ఎన్వలప్ (శబ్దం లేచి, నిలిచి, ఆగే తీరును నడిపేది) ఏ వరుసలో పనిచేస్తాయో నేర్చుకోవడానికి ఇంతకంటే సులువైనది నాకు కనబడలేదు. సర్జ్ ఎక్స్‌టీ కూడా ఉచితం, చాలా పెద్దది, కానీ మొదట్లోనే తెరిస్తే ఆ నాబ్‌ల మధ్య దారి తెలియదు. కాస్త చెయ్యి తిరిగాక దాని జోలికి వెళ్లండి. ఏది తెరిచినా ప్రీసెట్ల జాబితా ముట్టుకోకుండా ఖాళీ ప్యాచ్ (టోన్ అమరిక) నుంచి మొదలుపెట్టండి. ఒక బేస్ (కింది స్వరాలకు), ఒక ప్యాడ్ (వెనక నిలిచి పలికేది), ఒక లీడ్ (ముందుండి వరుస పలికేది) మీ చేత్తో తయారయ్యేదాకా కొనుగోలు మాట తలపెట్టవద్దు.

ఆ తరవాత ఏది కొనాలంటే, మీ పనికి నేను జూనోకే ఓటు వేస్తాను. జూనో-60ని అనుకరించే టాల్ యూనో ఎల్ఎక్స్ నేను రోజూ వాడతాను. ధర మీరు పక్కన పెట్టిన మొత్తంలో సగానికి బాగా లోపే ఉంటుంది, ల్యాప్‌టాప్‌కు బరువు కాదు. మొన్న ఒక క్రిస్మస్ పాటకు వేసిన ప్యాడ్ ఎలా చేశానో చెబుతాను. రంపపు తరంగం, పల్స్ తరంగం రెండూ వేసి, వాటికి ఒక ఆక్టేవు కింద పలికే సబ్‌ను కొద్దిగా కలిపాను. ఫిల్టర్‌ను సగం దాకా మూశాను. అటాక్ (శబ్దం పూర్తిగా లేవడానికి పట్టే సమయం) కాస్త పెంచాను. నాలుగు స్వరాల కార్డు (కలిపి నొక్కే స్వరాల గుత్తి) పట్టుకుని వింటే అప్పటికి అది చప్పగానే ఉంది. కోరస్‌లో ఒకటో బటన్ నొక్కగానే గది నిండింది. రెండో బటన్‌తో అల ఇంకా వేగంగా ఊగుతుంది, గాయకుల గొంతుల వెనక అది ఎక్కువనిపించి ఒకటోదే ఉంచేశాను. దీనికోసం ప్రీసెట్ వెతకాల్సిన పనే రాలేదు.

అసలు జూనోల మీటలకు తాకిడిలోని తేడా తెలియదు, ఎంత గట్టిగా నొక్కినా శబ్దం ఒకటే. సాఫ్ట్‌వేర్‌లో ప్యాడ్ మీ చేతి బలానికి స్పందించకపోతే కీబోర్డు చెడిందని కంగారు పడకండి, చాలా ప్యాచ్‌లను అసలు యంత్రంలాగే ఉంచుతారు. కావాలంటే ఆ స్పందనను కలుపుకోవచ్చు.

మినీమోగ్ తరహా లీడ్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మన జాతర పాటల్లో సన్నాయి వరుసల దగ్గర అది అద్భుతంగా ఒదుగుతుంది. ఒకే స్వరం పలికే పద్ధతి, స్వరం నుంచి స్వరానికి జారే గ్లైడ్, ఈ రెండూ ఉంటే గమకం దగ్గరికి వెళ్లవచ్చు. అయితే ఒక చిక్కు ఉంది. అసలు మినీమోగ్‌లో రెండు మీటలు కలిపి నొక్కితే కింది స్వరానికే ప్రాధాన్యం. అంటే షడ్జమం పట్టుకుని రిషభాన్ని తాకుతూ ఉంటే రిషభం పలకదు. అచ్చంగా అనుకరించిన సాఫ్ట్‌వేర్ కూడా అలాగే ప్రవర్తిస్తుంది. సెట్టింగుల్లో చివర నొక్కిన స్వరానికి ప్రాధాన్యం ఇచ్చే వీలుంటే దానికి మార్చండి. అప్పుడు కింది మీట వదలకుండానే పై స్వరాన్ని తాకి వెనక్కి రావచ్చు, ప్రతిసారీ అటాక్ మళ్లీ మొదలవకుండా ధార తెగకుండా సాగుతుంది. గ్లైడ్ చాలా కొద్దిగా పెట్టండి, ఎక్కువైతే స్వరస్థానమే తప్పుతుంది. పిచ్ బెండ్‌ను (స్వరాన్ని పైకీ కిందికీ వంచే మీట) రెండు సెమీటోన్లకు పరిమితం చేసి ఎడమచేతితో సాధన చేయండి. ఈ లీడ్ కోసం విడిగా కొననక్కరలేదు, సర్జ్ ఎక్స్‌టీలోనే చేసుకోవచ్చు.

అనుకరణ ఎంత సూక్ష్మంగా ఉంటే ప్రాసెసర్ మీద అంత భారం పడుతుంది. దీవా అనే సాఫ్ట్‌వేర్ శబ్దం నాకు ఎంతో ఇష్టం. కానీ దాని అత్యుత్తమ నాణ్యతలో నాలుగు స్వరాల కార్డు పట్టుకుంటే పాత ల్యాప్‌టాప్ చిటపటలాడుతుంది. అందులో నాణ్యతను నాలుగు మెట్లుగా పెట్టారు. కూర్చేటప్పుడు కింది మెట్టులో ఉంచి, చివర ఆడియోగా మార్చేటప్పుడు పై మెట్టుకు తీసుకెళ్తే సరిపోతుంది. దాని డెమో ఉచితం, మీ యంత్రం మోయగలదో లేదో కొనకముందే తెలిసిపోతుంది. ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా ఒకేసారి పలికే స్వరాల సంఖ్య 16, 32 అని ఉంటే 6కు దించండి. అసలు జూనోకు ఉన్నవి ఆరే.

డబ్బు సంగతి. ఈ కంపెనీల్లో చాలావరకు నవంబరు చివర్లో తగ్గింపులు ఇస్తాయి, తొందరపడి మామూలు ధరకు కొనవద్దు. ధర డాలర్లలో ఉంటుంది కనుక బ్యాంకు కార్డుకు విదేశీ చెల్లింపులు ముందే తెరిపించుకోండి, పన్ను, బ్యాంకు మార్పిడి రుసుము కలిపి లెక్క వేసుకోండి. ఎన్ని కంప్యూటర్లలో వాడుకోనిస్తారు, ఇంటర్నెట్ లేకుండా రిజిస్టర్ చేసుకునే దారి ఉందా అని చూడండి. తుపాను వచ్చి కోనసీమలో కరెంటూ నెట్‌వర్కూ పోయినప్పుడు, అనుమతి కోసం సర్వర్‌ను వెతికే సాఫ్ట్‌వేర్‌తో పని ఆగిపోతుంది. నెలవారీ చందా నాకు నచ్చదు. చందా ఆపిన రోజున పాత పాట ఫైలు తెరిస్తే ఆ టోన్ పలకదు. ఒక్కసారి కట్టి ఎప్పటికీ వాడుకునే లైసెన్సు ఉంటే అదే తీసుకోండి. ఎలాగైనా ప్రతి పాట పూర్తవగానే సింథ్ ట్రాకులన్నీ ఆడియోగా మార్చి విడిగా దాచండి.

పాత యంత్రమే సెకండ్‌హ్యాండ్‌లో కొంటే ఎలా ఉంటుందని చివర అడిగారు. వద్దు. 1984 నాటి జూనో-106లో స్వరాలు పలికించే చిప్‌లు వయసు మీదపడి పోవడం ప్రపంచమంతా తెలిసిన జబ్బు. దానికి తోడు మన ఉప్పుగాలి, తేమ. అంతర్వేది వైపు మిత్రుల ఇళ్లలో మామూలు కీబోర్డుల మీటల కాంటాక్టులే త్వరగా పాడవుతున్నాయి. విడిభాగాల కోసం హైదరాబాదో చెన్నైయో పట్టుకుని తిరగాలి.

మిగిలిన డబ్బుతో మంచి హెడ్‌ఫోన్లు, వీలైతే చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్ (కంప్యూటర్‌లోకీ బయటికీ శబ్దాన్ని చేరవేసే పెట్టె) కొనండి. ల్యాప్‌టాప్ స్పీకర్లలో ఏ సింథ్ విన్నా ఒకేలా ఉంటుంది, కింది ఆక్టేవులో ఏం జరుగుతోందో అసలు వినబడదు. ముందు హెడ్‌ఫోన్లు, ఆ తరవాతే సాఫ్ట్‌వేర్ అని కూడా అంటాను.

ల్యాప్‌టాప్‌ను వేదిక మీదకు తీసుకెళ్లే ఆలోచన ఉంటే బఫర్‌ను (శబ్దాన్ని ముక్కలుగా పంపేటప్పుడు ఒక్కో ముక్క పరిమాణం) 128 లేదా 256 శాంపిళ్ల దగ్గర ఉంచండి. 48 కిలోహెర్ట్‌జ్ దగ్గర 256 అంటే సుమారు 5 మిల్లీసెకన్లు, చేతికి తేడా తెలియదు. పందిళ్లలో జనరేటర్ కరెంటు మీద ల్యాప్‌టాప్ చార్జర్ పెట్టగానే స్పీకర్లలో ‘గుయ్’మనే మోత వస్తుంది. ఎర్త్ తెంచే స్విచ్ ఉన్న డీఐ బాక్సు (వాయిద్యపు శబ్దాన్ని మిక్సర్‌కు చేరవేసే చిన్న డబ్బా) ఒకటి సంచిలో ఉంచుకోండి, చార్జర్ పిన్ను మాత్రం ఎన్నడూ విరవవద్దు, ప్రాణాలకే ముప్పు. సౌండ్ వాళ్లు తరచూ ఒక్క లైనే ఇస్తారు, అప్పుడు కోరస్ ఇచ్చే వెడల్పు వినబడదు. కనుక ఆ టోన్‌ను ఇంట్లోనే మోనోలో (ఎడమ, కుడి కలిపి ఒకే లైనుగా) విని సరిచేసుకుని వెళ్లండి.

మీ ల్యాప్‌టాప్ ప్రాసెసర్ పేరు, ఏ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నారో కింద రాయండి. డెక్స్‌డ్, యూనో ఎల్ఎక్స్ రెండూ కలిపి ఎన్ని ట్రాకుల దాకా మోయగలదో చూసి చెబుతాను.