రాత్రి పదింటి రూలు పెట్టే ముందు

చిరంజీవి మేనల్లుడికి,

ఆశీస్సులు. రాత్రి పది దాటాక పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలెవరూ రోడ్డు మీద కనపడకూడదని, కనపడితే తల్లిదండ్రులు వెయ్యి రూపాయలు కట్టాలని మీ కాలనీ కమిటీ రాసుకున్న తీర్మానం చదివాను. ఉద్దేశం మంచిదే. కానీ ఆ కాగితం మీద సంతకాలు పెట్టించకు. పెట్టిస్తే ఎవరో ఒకరు లాయరు నోటీసు పంపిస్తారు, లేకపోతే ఎవరూ డబ్బు కట్టరు. రెండోదే జరిగితే రేపు మీ కమిటీ ఏం చెప్పినా వినేవాడుండడు.

ముందు అధికారం సంగతి తేల్చుకో. రోడ్డు అందరిదీ. అక్కడ నడిచినందుకు జరిమానా వేసే హక్కు కాలనీ సంఘానికి లేదు. రాత్రిపూట జనం తిరగకుండా ఆపే ఉత్తర్వు ఇచ్చేది కలెక్టరు, ఆర్డీవో స్థాయి మేజిస్ట్రేట్లు. పాత 144 సెక్షనే ఇప్పుడు కొత్త నేర ప్రక్రియ చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 163 అయింది. అది అల్లర్లు, ప్రాణాపాయం వంటి సందర్భాలకు, మామూలుగా రెండు నెలలకు మించకుండా ఇచ్చేది. కుర్రాళ్లు టీ బండి దగ్గర కబుర్లాడుతున్నారని ఎవరూ అలాంటి ఉత్తర్వు ఇవ్వరు.

అమెరికాలో ఉందిగా అని మీ వాట్సాప్ గ్రూపులో ఎవరో రాశారట. ఉంది. డాలస్ నగరం 1991లో పదిహేడేళ్ల లోపు పిల్లలకు మామూలు రోజుల్లో రాత్రి 11 నుంచి, శుక్ర శనివారాల్లో 12 నుంచి, పొద్దున 6 దాకా అలాంటి రూలే పెట్టింది. 1993లో కోర్టు కూడా సరేనంది. ఒప్పుకోవడానికి ఒక కారణం అందులో ఉన్న మినహాయింపులు: అమ్మానాన్నలు వెంట ఉన్నా, పని నుంచి వస్తున్నా, బడి కార్యక్రమమైనా, ప్రార్థనకు వెళ్లొస్తున్నా వర్తించదు. అదే టెక్సాస్ రాష్ట్రం 2023లో చట్టం చేసి ఊళ్లు ఇలాంటి రూళ్లు పెట్టకుండా ఆపేసింది. వాళ్లు వదిలేసినదాన్ని మనం ఎత్తుకోవడం దేనికి?

మన దగ్గర పిల్లల మీద కాకుండా పెద్దల మీదా, వ్యాపారం మీదా పెట్టిన రూళ్లే కాస్త నిలబడతాయి. అవీ ఎదురు లేకుండా ఏం నిలబడవనుకో. 2025 జనవరిలో తెలంగాణ హైకోర్టు పదహారేళ్ల లోపు పిల్లల్ని ఉదయం 11కి ముందు, రాత్రి 11 తర్వాత సినిమా హాళ్లలోకి రానివ్వొద్దంది. మల్టీప్లెక్సుల వాళ్లు వెళ్లి వాదించుకుంటే మార్చిలో దాన్ని సడలించింది.

కాబట్టి కమిటీ చేతిలో ఉన్న పనులు వేరు, ఇంటి చేతిలో ఉన్న పనులు వేరు. రెంటినీ కలపకు.

ఇంటి పనుల్లో మొదటిది బండి తాళం. మోటారు వాహనాల చట్టంలో 199ఎ అనే సెక్షను 2019లో చేర్చారు. మైనరు బండి నడిపి నేరం జరిగితే తండ్రో, బండి ఎవరి పేరున ఉందో వాళ్లో దోషి. మూడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లెర్నర్ లైసెన్సు కూడా రాదు. నాకు తెలియకుండా తీసుకెళ్లాడు అనే మాట తండ్రే రుజువు చేసుకోవాలి. గూట్లో తాళం వేలాడదీసి ఆ మాటంటే ఎవరు నమ్ముతారు? ఇన్సూరెన్స్ కంపెనీ ఎదుటివాడికి పరిహారం కట్టినా, తర్వాత యజమాని దగ్గర రాబట్టుకునే వీలుంది. మీటింగులో మిగతాదంతా మర్చిపోయినా ఇది మాత్రం నెమ్మదిగా, రెండుసార్లు చదివి వినిపించు. వెయ్యి రూపాయల జరిమానాకి భయపడనివాడు దీనికి భయపడతాడు.

తాళాలు రెండుంటాయి. అందరూ ఒకటి దాచి రెండోది మర్చిపోతారు. రెండూ రాత్రి తొమ్మిదికల్లా బీరువాలో ఉండాలి. అనుమానముంటే పడుకునే ముందు బండి మీటరు రీడింగు ఫోనులో ఫొటో తీసుకోమను. పదహారేళ్లకు లైసెన్సు వస్తుందని కొందరు వాదిస్తారు. అది 50 సీసీ లోపు బండికే, మీ కాలనీలో అలాంటిది ఒక్కటి కూడా ఉండదు. ఎలక్ట్రిక్ స్కూటర్లలో 250 వాట్ల లోపు, గంటకు 25 కిలోమీటర్లు దాటనివాటికే లైసెన్సు అక్కర్లేదు. షాపులో చెప్పి వేగం పెంచించారంటే అది మామూలు మోటారు బండి కిందే లెక్క. ఈ సంగతి తెలియక కొనిచ్చిన తండ్రులు మీలోనే ఉంటారు, అడిగి చూడు.

రెండోది ఇంటి వేళ. అందరికీ పది అని ఒకే గీత గీయకు. పన్నెండేళ్ల లోపు వాళ్లు దీపాలు పెట్టాక ఒక గంటలో ఇంట్లో ఉండాలి. పదమూడు నుంచి పదిహేను దాకా ఎనిమిదిన్నర. ఇంటరు పిల్లలకు తొమ్మిదిన్నర. ట్యూషన్ ఉన్న రోజు, అది వదిలే సమయానికి దారి పట్టే సమయం, ఇంకో పావుగంట కలిపితే వచ్చేదే వాళ్ల వేళ. ఎన్నింటికి బయల్దేరతావు అని కాదు, ఎన్నింటికి గడప లోపల ఉంటావు అని అడగాలి. ఆలస్యమవుతుంటే వేళ దాటకముందే వాడే ఫోన్ చేయాలి. వేళ దాటాక తండ్రి పదిసార్లు చేస్తే, బండి వెనకాల కూర్చున్నవాడు, ఒక్కోసారి నడిపేవాడు కూడా, తీసి మాట్లాడతాడు. దానికంటే ప్రమాదం లేదు.

ఆలస్యమైతే కొట్టడాలు, తిట్టడాలు వద్దు. అరగంట ఆలస్యమైతే వచ్చే వారమంతా వేళ అరగంట ముందుకు జరుగుతుంది, అంతే. లెక్క వాడికీ తెలుస్తుంది కాబట్టి గొడవ తక్కువ. ఒక్క పని మాత్రం ఎవరినీ చేయనివ్వకు: తలుపుకి లోపల గడియ పెట్టి బయట నిలబెట్టడం. అలా ఒకసారి నిలబడినవాడు రెండోసారి ఆలస్యమైతే ఇంటికే రాడు. స్నేహితుడి మేడ మీద పడుకుంటాడు, లేదంటే బస్టాండుకి పోతాడు. ఎంత రాత్రయినా తలుపు తియ్యాలి, అన్నం పెట్టాలి, మాటలు పొద్దున.

కంబైన్డ్ స్టడీస్ అన్నప్పుడు ఆ పిల్లవాడి నంబరు కాదు, వాళ్లమ్మ నంబరు తీసుకోవాలి. ఆవిడతో ముందురోజే మాట్లాడాలి. ఫోన్లో లొకేషన్ చూసుకుంటున్నాంలే అనేవాళ్లకు చెప్పు, ఫోను ఒకచోట వదిలేసి మనిషి ఇంకోచోట తిరగడం ఎనిమిదో తరగతి పిల్లలకు కూడా తెలుసు.

ఆడపిల్లలకు ఏడింటికి గేటు వేసి మగపిల్లల్ని అడగని ఇళ్లే ఎక్కువ. మీ రోడ్డు మీద రాత్రి పదకొండుకి తగువులాడేది ఎవరో చూసుకుంటే వేళ ఎవరికి కావాలో తెలుస్తుంది. తండ్రి రోజూ పన్నెండింటికి తాగొచ్చే ఇంట్లో ఏ వేళా నిలవదు. అది మీటింగులో అనలేవు, విడిగా అను.

ఇక కమిటీ పని. రూలు రాసే ముందు ఒక వారం చూడండి. రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర దాకా ఇద్దరిద్దరు పెద్దలు నడుస్తూ ఎక్కడ, ఎంతమంది, సుమారు ఏ వయసు, ఏం చేస్తున్నారు అని మాత్రం రాసుకోవాలి. పేర్లు వద్దు, ఫొటోలు అసలే వద్దు. పిల్లల ఫొటో గ్రూపులో పడిందంటే తల్లిదండ్రులు నీ మీదికే వస్తారు. అందులో ఎవరిదైనా కేసు దాకా వెళ్లి, ఆ పిల్లవాడి వివరాలు బయటపెట్టినట్టయితే పిల్లల కేసులకు సంబంధించిన జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షను కింద ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా ఉంది.

వారం చూశాక నీకే అర్థమవుతుంది, తిరిగే పిల్లలంతా ఒక రకం కాదు. కొందరు ట్యూషన్ తొమ్మిదిన్నరకి వదిలితే వచ్చేవాళ్లు. ట్యూషన్ మాస్టారితో మాట్లాడి ఎనిమిదిన్నరకి జరిపిస్తే రోడ్డు సగం ఖాళీ అవుతుంది. కొందరు పనిపిల్లలు. పద్నాలుగు దాటిన పిల్లల్ని టిఫిన్ బండి దగ్గరో మొబైల్ షాపులోనో పెట్టుకున్నా, రాత్రి 7 నుంచి పొద్దున 8 దాకా పని చేయించకూడదని బాలకార్మిక చట్టంలోనే ఉంది. అక్కడ అడగాల్సింది యజమానిని. కొందరు అర్ధరాత్రి పన్నెండింటికి రోడ్డు మీద కేకు కోసే బర్త్‌డే బ్యాచి. వాళ్లకు ఎనిమిదింటికి కమ్యూనిటీ హాలు తాళం ఇవ్వండి, ఊడ్చి తాళం తిరిగిచ్చే షరతు మీద.

నాలుగో రకం ఉంటుంది, దాన్ని జాగ్రత్తగా చూడు. ఇంట్లో కొట్లాటలు భరించలేక బయట కూర్చునేవాడు. వాణ్ణి పదింటికి ఇంటికి తరిమితే నువ్వే వాణ్ణి దెబ్బల్లోకి పంపినట్టు. ఇలాంటి పిల్లవాడు కనపడితే 1098 చైల్డ్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్యి.

గంజాయి, మందు వాసన ఉంటే పిల్లల్ని వదిలి అమ్మేవాణ్ణి పట్టుకోవాలి. మైనరుకి మందో, సిగరెట్టో, గంజాయో ఇచ్చినవాడికి జువెనైల్ జస్టిస్ చట్టం 77 కింద ఏడేళ్ల దాకా కఠిన శిక్ష, లక్ష దాకా జరిమానా. బడికి వంద గజాల లోపు పొగాకు అమ్మకూడదు. బడి ప్రహరీ గోడ నుంచి బడ్డీ కొట్టు దాకా టేపు పట్టి కొలిచి, రోడ్డు పేరు, కొట్టు గుర్తు రాసి అర్జీ ఇవ్వు. కొలత ఉన్న అర్జీని పక్కన పడేయడం కష్టం. గంజాయి సమాచారానికి మన ఆంధ్రప్రదేశ్‌లో మత్తుపదార్థాల్ని అరికట్టే పోలీసు విభాగం ఈగల్ వాళ్ల నంబరు 1972.

పోలీసు సాయం అడగాల్సిందే, కానీ ఏం అడగాలో తెలిసి అడుగు. ప్రతి స్టేషన్లోనూ ఏఎస్సై స్థాయికి తగ్గని ఒకరు బాలల సంక్షేమ అధికారిగా ఉండాలి. వెళ్లగానే ఆయన ఎవరో కనుక్కుని ఆయనతోనే మాట్లాడు. పిల్లవాణ్ణి పట్టుకుంటే లాకప్పులో పెట్టకూడదు, సంకెళ్లు వేయకూడదు, తల్లిదండ్రులకు చెప్పాలి, 24 గంటల లోపు పిల్లల కేసులు విచారించే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు పెట్టాలి. గుంజీళ్లు తీయించడం, జుట్టు కత్తిరించడం, వీడియో తీసి పెట్టడం ఏ చట్టంలోనూ లేవు. హైదరాబాద్ పాతబస్తీలో పోలీసులు ఆపరేషన్ చబూత్రా పేరుతో రాత్రుళ్లు అరుగుల మీద కూర్చున్న కుర్రాళ్లను తీసుకెళ్లి, తల్లిదండ్రుల్ని పిలిపించి, కౌన్సెలింగ్ ఇచ్చి పంపారు. చాలామంది మెచ్చుకున్నారు. కానీ ఏ నేరం చేశాడని తీసుకెళ్లారు అన్న ప్రశ్నకు జవాబు లేదు. మీ ఊళ్లో అది అడక్కు. బీట్ కానిస్టేబుల్ రాత్రి పదిన్నరకి ఒకసారి టీ బండి వైపు వచ్చిపోతే చాలు.

పిల్లవాడు నిజంగానే ఇంటికి రాకపోతే తెల్లారనిద్దాం అనుకోవద్దని అందరికీ చెప్పు. 24 గంటలు ఆగాలన్న రూలు ఎక్కడా లేదు. ముందు 112. తర్వాత దగ్గర్లో ఏ స్టేషనైనా సరే, పరిధి మాది కాదన్నా జీరో ఎఫ్ఐఆర్ రాయాల్సిందే. ఈ మధ్య తీసిన ఫొటో, ఆ రోజు వేసుకున్న బట్టల రంగు, ఫోను నంబరు, చివరిసారి మాట్లాడిన స్నేహితుడి పేరు ఒక కాగితం మీద రాసుకుని వెళ్లాలి. కంగారులో బట్టల రంగు కూడా గుర్తుకురాదు.

పండగ రాత్రుళ్లకు వేరే ఏర్పాటు పెట్టుకోండి. శివరాత్రి జాగరణ, రంజాన్ తరావీ, క్రిస్మస్ రాత్రి ఆరాధన, ఊరి జాతర రోజుల్లో వేళ మాట ఎత్తొద్దు. అసలు చిక్కు వినాయక చవితి పందిరి. విగ్రహానికి కాపలా అని కుర్రాళ్లు తొమ్మిది రాత్రులూ అక్కడే పడుకుంటారు. రోజూ ఇద్దరు పెద్దలు వంతులేసుకుని పడుకోండి, వంతుల పట్టిక పందిట్లోనే అతికించండి. మైకు రాత్రి పదికి ఆగాలి, అనుమతి తెచ్చుకున్న రోజుల్లో కూడా పన్నెండు దాటకూడదు. నిమజ్జనం రోజు ట్రాక్టరు నడిపేవాడి లైసెన్సు నువ్వే చేత్తో పట్టుకుని చూడు. 199ఎ ట్రాక్టరుకి కూడా వర్తిస్తుంది.

మీటింగు శనివారం రాత్రి పెట్టకు, తండ్రులు రారు. ఆదివారం సాయంత్రం అయిదింటికి, బళ్లో, ముప్పావుగంట. తల్లులూ రావాలి. ఇంటరు పిల్లల్ని నలుగుర్ని కూడా కూర్చోబెట్టు. వేళలు వాళ్ల చేతనే చెప్పించు, పెద్దవాళ్లు బేరమాడనీ. చివర్లో ఇంటికొక చీటీ: పిల్లల వేళ, ఇద్దరు పొరుగువాళ్ల నంబర్లు, 112, 1098, బండి తాళాలు ఎవరి దగ్గరున్నాయి. దాన్ని తలుపు వెనక అంటించుకోమను. కమిటీకి కాపీ అక్కర్లేదు. ఎవరింటి వేళ ఎంతో మీరు పుస్తకంలో రాసుకోవడం మొదలుపెడితే మళ్లీ జరిమానా గొడవే వస్తుంది.

ఇట్లు,
మీ మామయ్య