గంజాయి కేసు చెరిపేశారు, మరి ఫారంలో ఏం రాయాలి?

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. 2018లో మా అబ్బాయికి 19 ఏళ్లప్పుడు కారులో కాస్త గంజాయి దొరికిందని కేసు పెట్టారు. తప్పు ఒప్పుకుని ఫైన్ కట్టాడు. ఇప్పుడది నేరమే కాదంటున్నారు. ఫార్మా కంపెనీలో ఆఫర్ వచ్చింది కానీ, ‘ఎప్పుడైనా శిక్ష పడిందా?’ అన్న గడి దగ్గర ఆగిపోయాడు. గ్రీన్‌కార్డు ఉంది. డిసెంబరులో ఇండియా వెళ్లొచ్చాక సిటిజన్‌షిప్‌కి పెడదామనుకుంటున్నాం. ఏం రాయమంటారు?

జవాబు: అమ్మా, ఆ గడి దగ్గర ఆగి మంచి పని చేశాడు. ముందు ఉద్యోగం సంగతి చెబుతాను, అది తేలిక.

ఒక పని ఇకమీద నేరం కాదని చట్టం చేసినంత మాత్రాన పాత శిక్షలు వాటంతటవే పోవు. కాలిఫోర్నియాలో 2016లో గంజాయిని చట్టబద్ధం చేసినప్పుడు, పాత కేసులున్నవాళ్లు ఎవరికి వాళ్లే కోర్టులో పిటిషన్ వేసుకోవాల్సి వచ్చింది. ఆ కేసుల్ని ప్రభుత్వమే వెతికి పట్టుకోవాలని 2018లో మరో చట్టం తెచ్చారు. మీ రాష్ట్రం నయం. 2021 చట్టంతో, ఎవరూ అడగకుండానే న్యూజెర్సీ కోర్టులు 3,60,000కు పైగా గంజాయి కేసుల్ని కొట్టేయడమో చెరిపేయడమో చేశాయి. మీవాడిదీ అందులో ఉండే ఉంటుంది. అయితే ‘ఉండే ఉంటుంది’ అనుకుని ఫారం మీద సంతకం పెట్టకూడదు. ఐడీ తీసుకుని కోర్టుకు వెళ్లి, ఎక్స్‌పంజ్ అయినట్టు, అంటే కేసును రికార్డు నుంచి చెరిపేసినట్టు, ధ్రువపత్రం అడగమనండి.

ఆ కాగితం చేతికొచ్చాక ప్రైవేటు కంపెనీ ఫారంలో ‘లేదు’ అని రాయొచ్చు. ఎక్స్‌పంజ్ అయిన కేసు జరగనట్టే లెక్క అని రాష్ట్ర చట్టమే చెబుతోంది కాబట్టి అది అబద్ధం కాదు. పోలీసు, కోర్టు, జైళ్ల శాఖ ఉద్యోగాలకు మాత్రం చెప్పాల్సిందే. బ్యాక్‌గ్రౌండ్ చెక్ కంపెనీల దగ్గర పాత వివరాలు మిగిలిపోతుంటాయి. ఆఫరిచ్చిన కంపెనీ వాటిని చూసి ఉద్యోగం ఇవ్వకూడదనుకుంటే, ఆ నిర్ణయం తీసుకునేముందే రిపోర్టు కాపీ మీవాడికివ్వాలి. అప్పుడు ధ్రువపత్రం చూపించి సరిచేయించుకోవచ్చు.

ఇక మీ ఉత్తరంలో నాకు టెన్షన్ తెచ్చింది ఆ ఇండియా ప్రయాణం. ఇమిగ్రేషన్ నడిచేది ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ చట్టంతో. రాష్ట్రం ఎక్స్‌పంజ్ చేసినా ఇమిగ్రేషన్ వాళ్ల లెక్కలో ఆ శిక్ష సాధారణంగా అలాగే ఉంటుంది. సొంత వాడకానికి 30 గ్రాములు లేదా అంతకన్నా తక్కువ, అదీ ఒక్కసారే దొరికితే, ఆ కారణంతో దేశంలో ఉన్నవాణ్ని పంపించరు. కానీ బయటికెళ్లి తిరిగొచ్చేవాళ్లను లోపలికి రానిచ్చే దగ్గర ఆ మినహాయింపు లేదు. అంటే ఇంట్లో ఉన్నంతకాలం ఇబ్బంది పెట్టని కేసు, ఎయిర్‌పోర్టులో గ్రీన్‌కార్డుకే ఎసరు పెట్టొచ్చు.

ఇంకో చిక్కుంది. అప్పటి న్యూజెర్సీ సెక్షన్ ‘50 గ్రాముల లోపు’ అంటుంది. ఇమిగ్రేషన్ గీత గీసింది 30 దగ్గర. సెక్షన్ పేరు ఒక్కటే చూస్తే మీవాడు గీతకు ఏ పక్కనున్నాడో తెలియదు. అందుకే ఎంత దొరికిందో రాసిన పోలీసు రిపోర్టు, కోర్టు తుది తీర్పు సర్టిఫైడ్ కాపీ రెండూ సంపాదించండి. రికార్డు చెరిపేశాక ఈ కాగితాలు దొరకడం కష్టం, సిటిజన్‌షిప్ దరఖాస్తుకు మాత్రం అవే కావాలి. ఆ దరఖాస్తులో ఎక్స్‌పంజ్ అయిన కేసు కూడా చెప్పి తీరాలి. కంపెనీకి రాసిన ‘లేదు’ ఇక్కడ రాస్తే, ఆ తప్పు గంజాయి కేసు కన్నా పెద్దదవుతుంది.

2022 అక్టోబరులో బైడెన్ ఇచ్చిన క్షమాభిక్ష ఫెడరల్, వాషింగ్టన్ డీసీ కేసులకే. రాష్ట్ర కోర్టు కేసుకు అది వర్తించదు, దాని మీద ఆశ పెట్టుకోకండి.

ఆఫర్ పోతుందని మీవాడు బెంగపడుతున్నట్టున్నాడు. ధ్రువపత్రం రావడానికి కొన్ని రోజుల గడువు కావాలని హెచ్ఆర్‌ని అడగొచ్చు, కారణం చెప్పక్కర్లేదు. టికెట్లు బుక్ చేసి ఉంటే మీవాడిది పక్కన పెట్టించండి. క్రిమినల్ కేసులు కూడా తెలిసిన ఇమిగ్రేషన్ లాయరు ఆ రెండు కాగితాలూ చూసి సరేనన్నాకే ప్రయాణం.