పాఠకుల ప్రశ్నలు: రైఫిల్ ఛాంబర్‌లో కట్టే మసి ఉంగరం

ప్రశ్న: మా అమ్మాయి 50 మీటర్ల రైఫిల్ సాధన చేస్తోంది. రైఫిల్ పాయింట్ 22. ఈమధ్య బోల్ట్ (బ్యారెల్ వెనక భాగాన్ని మూసే గడియ) మూయడం బరువుగా ఉంటోంది, దగ్గర దగ్గరగా పడే గుండ్ల మంచి గ్రూపులోంచి ఒకటీ అరా పక్కకు పోతున్నాయి. బ్యారెల్‌లో రోజూ గుడ్డ లాగుతూనే ఉన్నాం. లోపం ఎక్కడుంది?

జవాబు: ముందు ఛాంబర్ (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటు) చివరను అనుమానించండి. మీ రైఫిల్‌లో వాడే పాయింట్ 22 లాంగ్ రైఫిల్ తూటా కేసు (మందు ఉండే లోహపు గొట్టం) పొడవు సుమారు 15.6 మిల్లీమీటర్లు. కేసు మూతి ఆగే చోటుకు కాస్త ముందు మసి, మైనం, సీసం కలిసి గట్టి ఉంగరంలా పేరుకుంటాయి. ఈ తూటాలో గుండుకు మైనపు పూత బయటే ఉంటుంది, అందుకే ఈ రకంలో బెడద ఎక్కువ. చాలా రకాల ప్రైమింగ్‌లో (తూటాను అంటించే మిశ్రమంలో) గాజుపొడి కూడా ఉంటుంది కాబట్టి ఆ పొర రాయిలా అవుతుంది. పోటీ రైఫిల్ ఛాంబర్ బిగుతైనది. తూటా పెట్టగానే గుండు రైఫ్లింగ్‌కు (బ్యారెల్ లోపలి మెలి గాళ్లకు) తగులుతుంది, ఉంగరం కడితే దాన్నీ ఒరుసుకుంటూ పోవాలి. మీరు లాగే గుడ్డ బ్యారెల్ కొలతది, ఛాంబర్ అంతకంటే వెడల్పు. ఉంగరాన్ని అది తుడవకుండానే జారిపోతుంది.

నిర్ధారణకు ముందు బోల్ట్ ముఖం, తూటా అంచు కూర్చునే గాడి, ఎక్స్‌ట్రాక్టర్ (ఖాళీ కేసును బయటికి లాగే కొక్కెం) కింద దూది పుల్లతో శుభ్రం చేయండి. బిగుతు అక్కడి చెత్త వల్లా రావచ్చు. తర్వాత మరో లాట్ తూటాలతో రేంజ్‌లోనే చూడండి. అప్పుడూ బిగుతుగా ఉంటే అనుమానం బలపడుతుంది. బోర్‌స్కోప్‌లో (బ్యారెల్ లోపల చూసే సన్నని పరికరంలో) నల్లటి మెట్టు కనిపిస్తే ఇక సందేహం లేదు. ఇంట్లో నిజమైన తూటాతో ఈ పరీక్ష ఎప్పుడూ చేయొద్దు.

ప్రశ్న: దాన్ని తీయడమెలా?

జవాబు: రైఫిల్ ఖాళీగా ఉందని చూసుకుని బోల్ట్ తీయండి. బోర్ గైడ్ (రాడ్‌ను బ్యారెల్ మధ్యలో నిలిపే గొట్టం) పెట్టి, పూత ఉన్న ఒకే ముక్క రాడ్‌ను వెనక నుంచే పంపండి. సాల్వెంట్‌లో తడిపిన గుడ్డను ఉంగరం ఉన్న చోట ఆపి 10-15 నిమిషాలు నాననివ్వండి. సగం పని నానడమే చేస్తుంది, తొందరపడకండి. తర్వాత కాంస్యపు బ్రష్‌ను ఐదారుసార్లు ముందుకు తోయండి. బ్రష్‌ను బ్యారెల్ మధ్యలో వెనక్కి తిప్పొద్దు, స్టీలు బ్రష్ గానీ డ్రిల్లు గానీ వద్దు. ఛాంబర్ అంచు ఒక్కసారి గీరుకుపోతే బ్యారెల్ మార్చాల్సి రావచ్చు. గుండు ఉత్త సీసానిది కాబట్టి రాగి తీసే అమోనియా ద్రావణం ఇక్కడ పనికిరాదు.

చివర పొడి గుడ్డలతో సాల్వెంట్ పూర్తిగా తుడవండి. శుభ్రం చేశాక మొదటి ఐదు పది గుండ్లను లెక్కలోకి తీసుకోకండి. బ్యారెల్‌కు మైనం మళ్లీ అలవాటు కావాలి.

ప్రశ్న: మళ్లీ రాకుండా?

జవాబు: ప్రతి సాధన తర్వాత ఛాంబర్‌ను దానికి సరిపడే దూది ముక్కతో, లేదా కాస్త పెద్ద గుడ్డతో విడిగా తుడవండి. పొర వేడిలో గట్టిపడకముందే మెత్తగా వచ్చేస్తుంది. తూటా కంపెనీ మార్చినప్పుడు మైనమూ మారుతుంది, ముందు శుభ్రం చేయండి. ఈ ఛాంబర్‌లో పాయింట్ 22 షార్ట్ తూటాలు వాడొద్దు. వాటి కేసు పొట్టిది, అందుకే మసి మరింత వెనక కడుతుంది, తర్వాత లాంగ్ రైఫిల్ తూటా దానికి అడ్డుకుంటుంది.

విశాఖ లాంటి తీరప్రాంతంలో ఉంటే దాచేటప్పుడు పలుచగా నూనె రాయండి, కాల్చే ముందు ఛాంబర్ తుడవండి. నూనె తడి ఉన్న ఛాంబర్ గోడలకు కేసు పట్టు దొరక్క బోల్ట్ మీద భారం పెరుగుతుంది.

బోల్ట్ తెరిచినప్పుడు గుండు రైఫ్లింగ్‌లోనే ఉండిపోయి మందు యాక్షన్‌లో (బోల్ట్ కదిలే భాగంలో) చిందితే వెంటనే ఆపేయండి. మీరే రాడ్‌తో పొడవకుండా, రేంజ్ ఆఫీసర్‌కు, ఆర్మరర్‌కు (తుపాకులు బాగుచేసే నిపుణుడికి) చూపించండి.