ఐసుకి కన్నం పెట్టే మిషను ఏది కొనాలి?

సంక్రాంతికి శ్రీకాకుళం వచ్చిన మూడో రోజున పక్కింటి పిన్నిగారి అబ్బాయి ఫోను పట్టుకుని మా అరుగు మీదకి వచ్చాడు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని మినియాపొలిస్‌లో ఉద్యోగంలో చేరి ఏడాదిన్నరైంది. నాలాగే సెలవుకి వచ్చాడు. కిందటి చలికాలం ఆఫీసువాళ్ళు ఒకసారి గడ్డకట్టిన సరస్సు మీదకి చేపలు పట్టడానికి తీసుకెళ్ళారట. అప్పటినుంచి అదే పిచ్చి.

"అక్కా, పవర్ ఆగర్ కొంటున్నాను. ఇది తీసుకోనా?" అని చూపించాడు. ఐసులో పది అంగుళాల వెడల్పు కన్నం పెట్టే పెట్రోలు మిషను. ధర ఆరువందల డాలర్ల పైచిలుకు.

పక్కనే మా మావయ్య ఉన్నాడు. కళింగపట్నం మనిషి, నలభై ఏళ్ళు సముద్రం మీద బతికినవాడు. "ఏటి బావూ, ఐసులో పెట్టిన చేపని చూసినాం గానీ, ఐసు కింద చేపేటి?" అన్నాడు. ఆయన ఎరిగిన ఐసు ఫ్యాక్టరీ నుంచి దిమ్మగా వస్తుంది, దాన్ని పగలగొట్టి పెట్టెలో చేపల మీద పోస్తారు. మిన్నెసోటాలో చలి గట్టిగా పడ్డ ఏడు ఆ దిమ్మే సరస్సంతా రెండడుగుల మందాన పరుచుకుంటుందనీ, వడ్రంగి బరమా లాంటి దానితో అందులో కన్నం పెట్టి గేలం దించుతామనీ చెప్పాను. "అయితే ముందు నుయ్యి తవ్వుకుని, తర్వాత చేప పట్టాలన్నమాట" అన్నాడు. సరిగ్గా అదే.

అబ్బాయిని నేను అడిగింది ఒక్కటే. "దీన్ని ఎక్కడ పెడతావురా?" మూడో అంతస్తు అపార్టుమెంటు, గ్యారేజీ లేదు, చిన్న కారు. పెట్రోలు మిషనుని ఇంట్లో పెట్టుకుంటే ఇల్లంతా వాసన, పైగా ప్రమాదం. బాల్కనీలో పెడదామన్నా చాలా అపార్టుమెంట్లలో పెట్రోలు ఉంచనివ్వరు. కొత్తగా వచ్చినవాళ్ళు మిషను ఎంత గట్టిదో చూస్తారు గానీ, మిగతా తొమ్మిది నెలలు అది ఎక్కడ పడుంటుందో ఆలోచించరు. ఆగర్ చెడిపోయేది ఎక్కువగా ఆ తొమ్మిది నెలల్లోనే.

ఇది నేను అనుభవించి చెబుతున్న మాట. మా మొదటి ఆగర్ సెకండ్‌హ్యాండ్‌లో కొన్న టూ స్ట్రోక్. ఒక సీజను బ్రహ్మాండంగా పనిచేసింది. మార్చిలో ట్యాంకులో మిగిలిన పెట్రోలుని అలాగే వదిలేసి మూలన పెట్టాం. మిన్నెసోటాలో బంకుల్లో దొరికే మామూలు పెట్రోలులో పది శాతం ఇథనాల్ ఉంటుంది. అది గాలిలో తేమని పీల్చుకుంటుంది, నెలల తరబడి నిలవుంటే పెట్రోలు జిగురు కట్టి కార్బురేటరులో సన్నటి దారులు మూసుకుపోతాయి. మళ్ళీ జనవరిలో మిల్లాక్స్ సరస్సు మీద, మైనస్ 24 డిగ్రీల్లో, మా ఆయన తాడు లాగుతూనే ఉన్నారు. ముప్పై సార్లు లాగాక భుజం పట్టేసింది. చివరికి ఐసు మీదే పక్కన డేరా వేసుకున్న పెద్దాయన జాలిపడి తన చేతి ఆగర్‌తో మాకో కన్నం పెట్టి ఇచ్చాడు. కరెంటూ పెట్రోలూ అక్కర్లేని ఆ పాత బరమా ముందు మా యంత్రం తలదించుకుంది.

కాబట్టి పెట్రోలు మిషను కొంటే సీజను అయిపోగానే ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను దానంతట అది ఆగిపోయేదాకా తిప్పాలి. ఇథనాల్ లేని పెట్రోలు దొరికితే అదే పోయాలి. టూ స్ట్రోక్‌కి నూనె కలిపే పాళ్ళు మిషనుతో వచ్చిన పుస్తకంలో ఉన్నట్టే ఉండాలి. ఫోర్ స్ట్రోక్‌కి కలిపే పని లేదు గానీ బరువెక్కువ, చలికి ఇంజను ఆయిలు చిక్కబడుతుంది. ఇంకో ముఖ్యమైన సంగతి, డేరా లోపల ఇంజను నడపకూడదు. ఇంజను పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి రంగూ వాసనా ఉండవు. ప్రొపేన్ గ్యాసుతో నడిచేవీ ఉన్నాయి, జిఫ్ఫీ కంపెనీవి చాలామంది వాడతారు. జిగురు గొడవ, నూనె కలిపే గొడవ ఉండవు. కానీ ప్రొపేన్ మరిగేదే మైనస్ 42 డిగ్రీల దగ్గర, మైనస్ 30కి వచ్చేసరికి చిన్న సిలిండరులో ఒత్తిడి బాగా పడిపోతుంది.

ఏ చలికైనా పెట్రోలే గట్టిదని వాదించే పాతకాపులు ఇప్పటికీ ఉన్నారు. రోజుకి యాభై కన్నాలు పెట్టేవాళ్ళ విషయంలో వాళ్ళ మాట నిజమే. ఈ అబ్బాయి పెట్టేది ఆరో, ఎనిమిదో.

అందుకే అబ్బాయికి బ్యాటరీదే తీసుకోమన్నాను. ఇందులో రెండు దారులున్నాయి. స్ట్రైక్‌మాస్టర్, అయాన్, ఎస్కిమో లాంటి కంపెనీలవి లిథియం బ్యాటరీతో సహా మొత్తం మిషనుగా వస్తాయి. ఖరీదు ఎక్కువే, కానీ మీట నొక్కితే తిరుగుతాయి. రెండో దారి, కార్డ్‌లెస్ డ్రిల్లుకి తగిలించుకునే ఆగర్. కె-డ్రిల్ లాంటిది. తేలిక, చవక, కారు డిక్కీలో పడుతుంది. కాకపోతే డ్రిల్లు గట్టిది ఉండాలి. 18 వోల్టులది, బ్రష్‌లెస్ మోటారు, పక్క పిడి ఉన్నది, అయిదు ఆంపియర్ అవర్లకి తక్కువ కాని బ్యాటరీ. అల్మారాలు బిగించుకునే చిన్న డ్రిల్లుని ఐసు మీదకి తీసుకెళితే మొదటి కన్నం సగంలోనే పొగ వస్తుంది. గేరు ఒకటిలోనే నడపాలి. పక్క పిడి తీసేసి ఒంటిచేత్తో పట్టుకుంటే మాత్రం, బ్లేడు ఐసుకి తట్టుకుని ఆగిన క్షణంలో డ్రిల్లే గిర్రున తిరిగి మణికట్టు మెలిపెడుతుంది.

డ్రిల్లుతో వాడేవాళ్ళు మరిచిపోయేది ఇంకోటుంది. అదురుకి చక్, అంటే ఆగర్‌ని పట్టి ఉంచే డ్రిల్లు మూతి, వదులైతే ఆగర్ జారి కన్నంలోంచి నేరుగా సరస్సు అడుక్కి పోతుంది. పైన కన్నం కంటే వెడల్పైన బిళ్ళ ఒకటి తగిలిస్తే అది అడ్డుపడి ఆపుతుంది. పది డాలర్ల బిళ్ళ లేక రెండువందల డాలర్ల ఆగర్‌ని నీళ్ళపాలు చేసుకున్నవాళ్ళని చూశాను.

లిథియం బ్యాటరీకి చలి పడదు. లోపల చార్జి ఉన్నా చలికి బయటికి ఇవ్వదు. అందుకే కన్నం పెట్టేదాకా కోటు లోపల పెట్టుకుంటాం, చంటిపిల్లని చంకనేసుకున్నట్టు. ఇంటికొచ్చాక వెంటనే చార్జికి పెట్టకూడదు. సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్న బ్యాటరీని చార్జి చేస్తే లోపల పాడైపోతుంది. గది వేడికి వచ్చేదాకా ఆగాలి. వేసవంతా ఇంట్లోనే, సగం చార్జితో ఉంచితే చాలు.

పది అంగుళాలు వద్దన్నాను. ఆరు నుంచి ఎనిమిదికి పెరిగితే రెండంగుళాలేగా అనిపిస్తుంది గానీ తవ్వాల్సిన ఐసు 78 శాతం పెరుగుతుంది. ఎనిమిది నుంచి పదికి ఇంకో 56 శాతం. అదంతా బ్యాటరీ మీద పడే బరువే. బ్లూగిల్, క్రాపీ, పెర్చ్ లాంటి చిన్న చేపలకి ఆరు చాలు. వాల్‌ఐ కావాలంటే ఎనిమిది. పెద్ద పెద్ద పైక్‌ల వెంట పడేవాళ్ళకి పది. 

బ్లేళ్ళ సంగతి వచ్చేసరికి అబ్బాయికి నిద్రొస్తోంది, అయినా వదల్లేదు. షేవర్ బ్లేడు గడ్డం గీసినట్టు ఐసుని పొరలుగా తీస్తుంది, చాలా వేగం. కానీ నిన్న పెట్టి మళ్ళీ గడ్డకట్టిన కన్నంలో దాన్ని దించితే పట్టేస్తుంది, మొండిబారుతుంది. చిప్పర్ బ్లేడు మోటుది, నెమ్మది, కానీ పాత కన్నాలని తెరుస్తుంది. ఏదైనా సరే, ఇసుక తగిలిందంటే పదును పోయినట్టే. మార్చేటప్పుడు రెండు బ్లేళ్ళూ కలిపి మార్చాలి. కొనేముందే ఆ బ్లేళ్ళు విడిగా దొరుకుతాయో లేదో చూసుకోవాలి. చేతి తొడుగులతో మీట నొక్కగలవో లేదో దుకాణంలోనే తొడిగి చూడు.

ఇంతలో మావయ్య, ఉద్దానంలో కొబ్బరి మొక్కలకి గుంతలు తియ్యడానికి ఒకటి పట్టుకురమ్మన్నాడు. ఆ బ్లేడు మట్టిలో అర నిమిషం కూడా బతకదని చెప్పాను. పైగా 160 వాట్ అవర్లు దాటిన లిథియం బ్యాటరీని ప్రయాణికుల విమానం ఎక్కనివ్వరు.

ఆగర్ కంటే ముందు కొనాల్సినవి ఇంకో రెండు. మెళ్ళో వేసుకునే ఐస్ పిక్స్, ఒకవేళ ఐసు విరిగి నీళ్ళలో పడితే అంచుకి గుచ్చి పైకి పాకడానికి. ఇంకోటి పొడుగాటి ఇనప పలుగు, అడుగడుక్కీ ముందు పొడిచి చూడటానికి. నడవాలంటే నాలుగు అంగుళాల గట్టి, తేట ఐసు ఉండాలని అక్కడి ప్రభుత్వ సహజవనరుల శాఖ చెబుతుంది. తెల్లగా ఉన్నదైతే దానికి రెట్టింపు. చిన్న కారుకి తొమ్మిది, పది అంగుళాలు. ఒడ్డు దగ్గర కొలిచి, నడుమంతా అంతే ఉంటుందనుకోకూడదు. అక్కడ చేపలు పట్టే లైసెన్సు మార్చి 1 నుంచి ఫిబ్రవరి ఆఖరుదాకా ఉంటుంది, అంటే ఇప్పుడు కొన్నది ఆరువారాల్లో అయిపోతుంది. చలికాలం మనిషికి రెండు గేలాలే.

అబ్బాయి ఫోనులో పది అంగుళాలది తీసేసి ఎనిమిదిది వెతుక్కుంటున్నాడు. మావయ్య మాత్రం చివరిదాకా ఒక్క సంగతే పట్టుకున్నాడు. "ఆ వాలయ్యో ఏదో అన్నావు గదా, పులుసుకి పనికొస్తదా?"

"వేపుడుకి, మావయ్యా. పులుసులో పెడితే విరిగిపోతుంది. పులుసుకి పైక్ అయితే బాగుంటుంది గానీ ముళ్ళు ఎక్కువ."

"ముళ్ళుంటేనే చేప" అన్నాడాయన.