36 ఏళ్ల ఫుల్ బ్యాక్‌ను పక్కన పెట్టి కుర్రాడిని ఆడించాలా?

మీ క్లబ్ హాకీ టీమ్‌లో 36 ఏళ్ల ఫుల్ బ్యాక్ ఉన్నాడని, వెనక కాపు కాస్తూనే సందు దొరికితే ముందుకెళ్ళి అటాక్‌లోనూ ఆడతాడని, ఇప్పుడు వేగం తగ్గిందని రాశారు. ఆయన చోట 19 ఏళ్ల కుర్రాడిని దించాలా అని అడిగారు.

పెద్దాయన్నే ఆడించండి. నేను కళ్ళారా చూసింది చెబుతాను.

తిరుపతిలో ఎనిమిదేళ్ళు క్లబ్ హాకీ ఆడాను, రైట్ హాఫ్‌గా, అంటే కుడివైపు ఫుల్ బ్యాక్‌కు ముందు ఆడేవాడిగా. మాది మట్టి గ్రౌండ్. గులకరాయి తగిలితే బంతి ఎటు ఎగురుతుందో తెలియదు. నా వెనక ఆడే అన్నకు అప్పటికే 35 దాటాయి. పరుగులో జట్టు మొత్తంలో ఆయనే ఆఖరు. అయినా ఆయన్ని దాటుకుని డీ లోకి, అంటే గోల్ ముందు గీసిన అర్ధవృత్తంలోకి, వెళ్ళిన ఫార్వర్డ్‌లు చాలా తక్కువ. ఆయన బంతి కోసం ఎగబడేవాడు కాదు. రెండడుగుల ఎడంలో ఉండి, స్టిక్ నేలకు ఆనించి, వెనక్కి వెనక్కి జరుగుతూ అవతలివాణ్ణి సైడ్ లైన్ దగ్గరికి తీసుకుపోయేవాడు. అక్కడ వాడికి తిరగడానికి చోటుండదు. బంతి స్టిక్‌కు కొంచెం దూరం జరిగిందంటే చాలు, తీసేసుకునేవాడు.

అంతకన్నా గొప్పది ఆయన గొంతు. హాఫ్ టైమ్ తర్వాత వైపులు మారితే మేము తికమకపడతామని కుడి, ఎడమ అనేవాడు కాదు. 'కొండ పక్క', 'రోడ్డు పక్క' అనేవాడు. "కొండ పక్క ఒకడు ఖాళీగా ఉండాడు చూడు రా" అని అరిస్తే నేను తల తిప్పకుండానే అటు పోయేవాణ్ణి. ఆ అరుపు వెనక ఉంది కాబట్టే నేను ధైర్యంగా ముందుకెళ్ళి ఆడగలిగాను.

ఆయన ముందుకెళ్ళేది మ్యాచ్‌లో రెండు మూడుసార్లే. వెళ్ళే ముందు "నువ్వు ఆగు" అనేవాడు. నేను వచ్చి ఆయన చోట నిలబడ్డాకే కదిలేవాడు. రెండువైపులా ఆడే డిఫెండర్ అంటే నా లెక్కలో అదీ. గోల్ కొట్టడం కన్నా ఎప్పుడు వెళ్ళాలో, తన వెనక ఎవరున్నారో తెలియడం ముఖ్యం.

ఒకసారి కూతురికి జ్వరమని ఆయన రాలేకపోయాడు. చురుకైన కుర్రాణ్ణి దించాం. వాడు చాలా బాగా పరిగెత్తాడు, రెండుసార్లు ఒంటరిగా వాళ్ళ డీ దాకా వెళ్ళాడు. ఆ రెండుసార్లూ బంతి పోగొట్టుకున్నాం, వాళ్ళ ఎదురుదాడిలో రెండు గోల్స్ తిన్నాం. తప్పు వాడిది మాత్రమే కాదు. 'ఆగు' అనేవాళ్ళు లేక నేనూ ముందుకెళ్ళిపోయాను. ఆ రోజు సాయంత్రం చాలా బాధపడ్డాను.

పెద్ద స్థాయిలోనూ ఇదే చూశాం. 2024 పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లో బ్రిటన్ మీద మన డిఫెండర్ అమిత్ రోహిదాస్‌కు రెండో క్వార్టర్‌లోనే రెడ్ కార్డ్ పడింది. మిడ్‌ఫీల్డర్ మన్‌ప్రీత్ సింగ్ వెనక్కొచ్చి డిఫెన్స్‌లో ఆడాడు. 40 నిమిషాలకు పైగా పదిమందితో 1-1 నిలబెట్టి షూటౌట్‌లో 4-2తో గెలిచారు. మన్‌ప్రీత్‌లాంటి అనుభవమున్నవాడు రెండు పనులూ చేయగలిగాడు కాబట్టే అది సాధ్యమైందని నా నమ్మకం. సెమీస్‌కు రోహిదాస్ సస్పెన్షన్‌లో ఉన్నాడు. పెనాల్టీ కార్నర్‌లో (డిఫెన్స్ తప్పు చేస్తే అవతలి జట్టుకిచ్చే గోల్ అవకాశం) గోల్‌కు బంతి విసిరే ఫ్లిక్కర్ మీదికి ముందుగా దూకే ఫస్ట్ రషర్ అతనే. జర్మనీ మొదటి గోల్ పెనాల్టీ కార్నర్‌లోనే వచ్చింది, 2-3తో ఓడాం. అతనుంటే ఆగేదని ఎవరూ చెప్పలేరు కానీ ఆ లోటు నాకు కనిపించింది. కాంస్యం మ్యాచ్‌లో స్పెయిన్ మీద మన రెండు గోల్స్ కొట్టింది హర్మన్‌ప్రీత్ సింగ్, అతనూ డిఫెండరే.

వయసు సంగతికొస్తే, ఐస్ హాకీలో నిక్లాస్ లిడ్‌స్ట్రామ్ 2011లో, 41 ఏళ్లప్పుడు, ఉత్తర అమెరికా లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఉత్తమ డిఫెన్స్‌మన్‌కిచ్చే నోరిస్ ట్రోఫీని ఏడోసారి గెలిచాడు. ఆ ఆటలో మాటిమాటికీ బెంచ్ మీదికొచ్చి ఊపిరి తీసుకుంటారు. మన హాకీలోనూ ఎన్నిసార్లైనా ఆటగాణ్ణి మార్చుకోవచ్చు కదా. ప్రతి క్వార్టర్‌లో మీ పెద్దాయనకు నాలుగైదు నిమిషాలు విశ్రాంతినివ్వండి, ఆ సమయంలో కుర్రాణ్ణి దించండి. మిగతా సమయంలో వాణ్ణి హాఫ్‌లో, సరిగ్గా ఆయన ముందు ఆడించండి. ఆయన అరుపు వాడి చెవిన పడుతూ ఉండాలి.

ఒక్క విషయం మాత్రం గమనించండి. ముందుకెళ్ళినవాడు బంతి పోయాక వెనక్కి రాలేకపోతుంటే, చివరి క్వార్టర్‌లో అలసి అవతలివాళ్ళ కాళ్ళ మీద స్టిక్ వేస్తుంటే, ముందుకెళ్ళొద్దని ఆయనకు పక్కకు పిలిచి చెప్పండి. కుర్రాళ్ళ ముందు అనొద్దు. మా అన్నకు మా కోచ్ అలాగే చెప్పారు. ఆ తర్వాత రెండేళ్ళు హాఫ్ లైన్ దాటకుండానే ఆడాడు. ముందుకెళ్ళే పని నాకిచ్చి, "ఇప్పుడు నువ్వు పో, నేనుండాను" అన్నాడు.